బండీ - బాటా: ముందు ఇరుసు మార్చే ముందు

శక్తినగరంలోను, రాయచూరు చుట్టుపట్ల మనవాళ్ళ క్యాంపుల్లోను పాత జీపు గల ఇళ్ళు ఇంకా ఉన్నవి. తండ్రి కొన్న బండి కొడుకు చేతికి వస్తుంది. కొడుకు దాని చుట్టూ రెండు ప్రదక్షిణాలు చేసి, "దీనికి పెద్ద టైర్లు వేయాలి, వేయాలంటే ముందు ఇరుసూ హబ్బులూ మార్చాలి" అంటాడు. తండ్రి, "ఇన్నేళ్ళు నడిచిన బండికి లేని రోగం నీకెక్కడ కనిపించిందిరా?" అంటాడు. తల్లి వంటింట్లోంచే, "మీరేం చేసుకున్నా సరే, పిల్లల్ని ఎక్కించుకొని వంతెన దాటేటప్పుడు చక్రం ఊడకుండా ఉంటే చాలు" అంటుంది. ముగ్గురి మాటలోను కొంత కొంత నిజం ఉన్నది. ఎక్కువ పాలు తల్లి మాటలో ఉన్నదని మా అభిప్రాయం. ఎందుకో చెబుతాం.

ముందుగా మన ఊరి సంగతి. కృష్ణకు దక్షిణపు గట్టున, దేవసూగూరు పక్కన ఉన్న ఈ శక్తినగరం థర్మల్ విద్యుత్ కేంద్రం మూలంగా ఏర్పడిన ఊరు. 1985లో మొదటి యూనిట్ నడవసాగింది. ఆపైన ఒక్కొక్కటే చేరి ఎనిమిది యూనిట్లు, మొత్తం 1720 మెగావాట్లు అయినవి. బొగ్గు కాలిన చోట బూడిద తప్పదు. ఆ బూడిద లారీల వెంట దారి పొడుగునా పడుతుంది, గాలికి లేస్తుంది. ఊరు దాటి పొలాల వైపు మళ్ళితే నల్లరేగడి. ఎండాకాలం అది నెర్రెలు విచ్చి రాయిలా ఉంటుంది, నాలుగు చినుకులు పడితే బంకలా పట్టుకుంటుంది. 1953లో తుంగభద్ర కాలువలకు నీళ్ళు వదిలిన తరువాత కోస్తా జిల్లాల రైతులు సింధనూరు, మాన్వి వైపులకు వలస వచ్చి క్యాంపులు కట్టుకొన్నారు. ఆ మట్టి దారుల్లో ఎరువుల బస్తాలకూ, పురిటి కేసులకూ, బడి పిల్లలకూ పనికివచ్చిన బండి జీపు. అంచేత జీపు మన ఇళ్ళలో షోకు వస్తువుగా రాలేదు. ఇంటి మనిషిలా వచ్చింది.

ఆ జీపు పుట్టుక యుద్ధం కోసం. రెండవ ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా తయారుచేసినవి. మన దేశంలో మహీంద్రావారు 1947లో విల్లీస్ జీపులను బిగించడం మొదలుపెట్టారు. తరువాత ఇక్కడే తయారుచేశారు. పెట్రోలు ఇంజను పోయి డీజిలు వచ్చింది, పేర్లు మారినవి, బాడీ పొడుగైంది. కాని చాలా ఏళ్ళ పాటు ముందు భాగంలో ఆ పాత పద్ధతి ఇరుసే సాగింది. 2010లో వచ్చిన థార్‌లో ముందు చక్రాలు రెండూ విడివిడిగా ఆడే ఏర్పాటు పెట్టారు. కనుక ఈ నెల మేము చెప్పేదంతా అంతకు ముందటి, ముందు వెనుకలు రెండూ గట్టి ఇరుసులూ కమాను పట్టీలూ ఉన్న పాత జీపులను గురించేనని చదువరులు గమనించాలి.

ఇక ఇరుసు. ఎద్దుబండిలో ఇరుసు తిరగదు, చక్రమే తిరుగుతుంది. చక్రం ఊడిపోకుండా కొనలో కడచీల ఉంటుంది. చక్రానికీ ఇరుసుకూ నడుమ కందెన ఉంటుంది. మన ఇళ్ళలో కైకేయి కథ చెప్పుకొనేటప్పుడు, యుద్ధంలో దశరథుడి రథానికి చీల ఊడితే ఆమె తన వేలు పెట్టి చక్రాన్ని నిలబెట్టిందనీ, ఆ ఉపకారానికే వరాలు దొరికినవనీ అంటాం. అంత చిన్న చీల మీద ఒక రాజు ప్రాణం ఆధారపడి ఉన్నది. జీపు ముందు చక్రం కూడా అచ్చం ఇదే తీరు. ఇరుసు గొట్టం కొనలో ఒక బోలు ముక్కు ఉంటుంది, దాన్ని స్పిండిలు అంటారు. దాని మీద రెండు టేపరు బేరింగులు, లోపలిది ఒకటి, బయటిది ఒకటి. ఆ రెంటి మీద హబ్బు తిరుగుతుంది. హబ్బుకే చక్రమూ, బ్రేకు డ్రమ్మూ బిగించి ఉంటవి. ఇవన్నీ జారిపోకుండా పట్టుకొనేది స్పిండిలు కొనలో ఒక నట్టు, దాని మీద చెవులు వంచే వాషరు, ఆపైన ఇంకొక నట్టు. కడచీల అంటే అదే. అది వదులైతే బేరింగు నలుగుతుంది. బేరింగు నలిగి పొడి అయితే హబ్బు, డ్రమ్ము, చక్రం మూడూ కలిసి బయటికి నడుస్తవి.

ఎద్దుబండిలో లేనిది ఇంకొకటి ఇక్కడ ఉన్నది. స్పిండిలు బోలుగా ఉన్నదన్నాం గదా, ఆ బోలులోంచి లోపలి కడ్డీ వచ్చి హబ్బును తిప్పుతుంది. ఈ కడ్డీ బండి బరువు మోయదు. బరువంతా స్పిండిలుదీ బేరింగులదీ, కడ్డీది తిప్పే పని మాత్రమే. ముందు చక్రం అటూ ఇటూ మళ్ళాలి కాబట్టి కడ్డీకి నడుమ ఒక కీలు. ఎంత మళ్ళినా ఒకే వేగంతో తిప్పగల ఇటువంటి కీళ్ళను 1920లలో ర్జెప్పా అనే ఆయన ఒక విధంగాను, ఫ్రాన్సులో గ్రెగ్వార్, ఫెనాయ్ అనే ఇద్దరు ఇంకొక విధంగాను కనిపెట్టారు. వారి కృషి లేకపోతే ముందు చక్రాలతో లాగే బండ్లు ఇంత వేగం అందుకునేవి కావు. పాత జీపులో ఈ కీలు ఒక పెద్ద ఇనుప గుండు లోపల, నూనెలో దాగి ఉంటుంది. గుండు మీద తిరిగే గూటిని పైనా కిందా కింగుపిన్ను బేరింగులు పట్టుకొని ఉంటవి. గుండు చుట్టూ రబ్బరూ ఫెల్టూ కలిసిన సీలు ఉంటుంది.

హబ్బుల మార్పు గురించి కుర్రవాళ్ళు ఎక్కువగా అడిగేది ఫ్రీవీల్ హబ్బులు. యుద్ధం తరువాత అమెరికాలో సైన్యం అమ్మివేసిన జీపులు రైతుల చేతికి వచ్చినవి. ముందు చక్రాలకు శక్తి ఇవ్వకపోయినా, తారురోడ్డు మీద ఆ చక్రాలే తిరిగి లోపలి కడ్డీలనూ, గుండులోని పళ్ళ చక్రాలనూ, ముందు ప్రొపెల్లరు షాఫ్టునూ ఊరికే తిప్పుతూ ఉంటవి. ఈ వృథా పని తప్పించడానికి సియాటిల్‌లో ఆర్థర్ వార్న్ అనే ఆయన 1948లో, చేత్తో తిప్పి కలపడానికీ విడదీయడానికీ వీలయిన హబ్బు చేశారు. విడదీస్తే చక్రం తన బేరింగుల మీద తాను తిరుగుతుంది, లోపలిదంతా నిద్రపోతుంది. 1985లో మన దేశంలో వచ్చిన మారుతి జిప్సీకి కూడా ఇటువంటి హబ్బులు ఉండేవి.

వీటి వల్ల అరుగుదల తగ్గుతుంది, స్టీరింగు కాస్త తేలిక అవుతుంది, డీజిలు కొంచెం మిగులుతుంది. పాత జీపుకు బిగించడం కూడా కష్టం కాదు. ఆరు బోల్టులు విప్పి పాత బిళ్ళ తీసి కొత్తది పెట్టడమే. కాని మూడు సంగతులు మరవరాదు. ఒకటి, రెండు వైపులా ఒకేలా ఉండాలి. ఒకటి కలిపి ఒకటి విడదీస్తే బురదలో ముందు చక్రాలు లాగవు. రెండు, నెలకు ఒకసారయినా హబ్బులు కలిపి నాలుగు మైళ్ళు నడపాలి, లేకపోతే లోపలి కీలుకు నూనె అందదు. మూడవది ప్రాణం సంగతి. చాలా పాత జీపుల్లో చేతి బ్రేకు చక్రాలకు ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక షాఫ్టు మీద ఉంటుంది. అది షాఫ్టును మాత్రమే ఆపుతుంది. వెనుక చక్రం ఒకటి జాకీతో లేపితే, డిఫరెన్షియల్ మూలంగా నేల మీద ఉన్న రెండవ చక్రం దొర్లడానికి అడ్డు ఉండదు. మామూలు హబ్బులున్న బండిని ఫోర్‌వీల్‌లో వేస్తే ముందు చక్రాలు పట్టి నిలుపుతవి. ఫ్రీవీల్ హబ్బులు విడదీసి ఉంటే ఆ ఆధారం కూడా లేదు. కాబట్టి జాకీ వేసే ముందు హబ్బులు కలిపి, చక్రాలకు ముందూ వెనుకా రాళ్ళు పెట్టండి. రాళ్ళు పెట్టకుండా చేతి బ్రేకును నమ్మి బండి కిందికి దూరవద్దు.

ఇక మన ప్రాంతంలో ముందు ఇరుసుకు వచ్చే జబ్బులు. బొగ్గు బూడిదలో ప్రధానంగా ఉండేవి సిలికా, అల్యూమినా. కంటికి పౌడరులా కనిపిస్తుంది గాని గ్రీజులో కలిస్తే ఆకురాయి పని చేస్తుంది. సీలు పెదవి దగ్గర చేరి అక్కడ గాడి కొడుతుంది, ఆ గాడిలోంచి లోపలికి పోతుంది. నల్లరేగడి సంగతి వేరు. అది గుండు మీద అంటుకొని, తడి పట్టి, తుప్పు మచ్చలు తెస్తుంది. మచ్చ గరుకు సీలును కోస్తుంది, నూనె కారుతుంది. కారిన నూనె బ్రేకు డ్రమ్ములో పడితే ఆ వైపు బ్రేకు పట్టదు, బండి రెండవ వైపుకు గుంజుతుంది. బ్రేకు తొక్కితే బండి పక్కకు పోతున్నదంటే డ్రమ్ము లోపల ఏదో కారుతున్నదేమో చూడవలసిందే.

మూడవది నీరు. కృష్ణలో నీళ్ళు తగ్గినప్పుడు ఇసుకలోకి దిగడం, వాగులు దాటడం మనవాళ్ళకు అలవాటే. అరగంట నడిచిన హబ్బూ ఇరుసూ వేడెక్కి ఉంటవి. చన్నీళ్ళలో దిగగానే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది. అప్పుడు సీళ్ళ గుండా నీళ్ళను లోపలికి పీలుస్తుంది. ఇరుసు మీద గాలి ఆడే చిన్న గొట్టం బురదతో మూసుకుపోయి ఉంటే పీల్పు మరీ ఎక్కువ. ఆ గొట్టానికి ఒక రబ్బరు పైపు తగిలించి ఇంజను గదిలో ఎత్తుగా కట్టడం, మేము ఎరిగిన మార్పులన్నిటిలో చవకైనది, మేలైనది. నీళ్ళలో దిగిన వారంలో ఇరుసు నూనె మరను కాస్త వదులు చేసి చూడండి. పాలు పోసిన టీ రంగు ఉంటే నూనె మార్చవలసిందే. 2009 అక్టోబరు వరదలవంటి పెద్ద నీళ్ళలో మునిగిన బండికైతే హబ్బులు పూర్తిగా విప్పి కడగకుండా నడపకూడదు.

ఇన్ని జబ్బులు చెప్పిన తరువాత వైద్యుడు లేకుండా ఇంట్లో నాడి చూసే పద్ధతి కూడా చెప్పాలి గదా. సమనేల మీద బండి నిలిపి, వెనుక చక్రాలకు రాళ్ళు పెట్టి, ముందు చక్రం ఒకటి జాకీతో లేపండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపండి. కదిలితే ఒకరిని బ్రేకు తొక్కి పట్టమని మళ్ళీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే జబ్బు చక్రం బేరింగులో ఉన్నది. బ్రేకు తొక్కినా ఆట అలాగే ఉంటే కింగుపిన్నులో ఉన్నది. తరువాత చక్రాన్ని ఎడమా కుడీ పట్టుకొని ఊపండి. అప్పుడు మాత్రమే కదిలితే స్టీరింగు కడ్డీల కీళ్ళు చూడాలి. చివరికి చక్రాన్ని చేత్తో తిప్పి చెవి ఒగ్గండి. తిరగలిలో ఇసుక పడ్డట్టు గరగరమంటే బేరింగు పాడైనట్టే.

పది మైళ్ళు నడిచి వచ్చిన వెంటనే రెండు హబ్బుల మీద అరచెయ్యి పెట్టి పోల్చడం ఇంకొక పరీక్ష. గోరువెచ్చగా ఉండడం సహజం. ఒకటి చెయ్యి పెట్టనివ్వకుండా కాలుతూ, రెండవది చల్లగా ఉంటే బేరింగు మరీ బిగువుగా ఉన్నదో, కందెన లేదో, బ్రేకు పట్టుకొని ఉన్నదో తెలుసుకోవాలి. ఈ పరీక్షకు పనిముట్టు అక్కరలేదు. ఇంట్లో ఆడపిల్లలకు కూడా నేర్పండి.

బేరింగు బిగించడంలో చెయ్యి తిరిగిన మేస్త్రీ చేసే పని ఇది. చక్రాన్ని తిప్పుతూ లోపలి నట్టు బిగిస్తాడు. చక్రం బిగుసుకుపోతున్నట్టు తెలియగానే ఆపి, సుమారు ఆరవ వంతు చుట్టు వెనక్కు వదులుతాడు. వాషరు వేసి, రెండవ నట్టు బిగించి, వాషరు చెవి నట్టు మీదికి వంచుతాడు. మళ్ళీ ఊపి చూస్తాడు, ఆట ఉండకూడదు, చక్రం మాత్రం స్వేచ్ఛగా తిరగాలి. నట్టును ఉలితో, సుత్తితో కొట్టి తిప్పేవాడి చేతికి బండి ఇవ్వకండి. దానికి తగిన పెద్ద బాక్సు పానా ఉంటుంది. పాత విల్లీసు పద్ధతి జీపుల్లో ఎడమవైపు చక్రాల నట్లకు ఎడమ మర ఉండడం కద్దు. అది తెలియక బలంగా విప్పబోయి స్టడ్డులు విరగ్గొట్టేవాళ్ళు ఉన్నారు.

ఇప్పుడు పెద్ద టైర్ల సంగతికి వద్దాం. 28 అంగుళాల టైరు తీసి 31 అంగుళాలది వేస్తే చూపుకు మూడు అంగుళాలే. కాని వ్యాసార్ధం నూటికి పదకొండు పాళ్ళు పెరిగింది. రాయి ఎక్కేటప్పుడు చక్రం అంచున అంతే బలం రావాలంటే కడ్డీ మీద మెలిక నూటికి పదకొండు పెరగాలి. ఆగేటప్పుడు అదే బ్రేకు అంత తక్కువ పట్టు ఇస్తుంది. స్పీడు ముల్లు 60 చూపేటప్పుడు బండి 66 పోతూ ఉంటుంది. వెడల్పు రిమ్ములు వేసి చక్రాన్ని బయటికి నెట్టితే బయటి బేరింగు మీద భారం వేరే. పైగా ప్రతి గుంత దెబ్బా స్టీరింగు మీదికి వస్తుంది.

కడ్డీ మీద మెలిక అంటే ఎంతో ఒక లెక్క చూడండి. పాత విల్లీస్ సీజే త్రీబీలో మొదటి గేరు 2.8, లో రేంజి 2.46, ఇరుసు పళ్ళ నిష్పత్తి 5.38. మూడూ గుణిస్తే సుమారు 37. అంటే ఇంజను ఇచ్చే మెలిక ఇరుసుల దగ్గరికి వచ్చేసరికి 37 రెట్లు అవుతుంది. రెండు చక్రాలు గాలిలో ఉండి, ఒక ముందు చక్రం రాయిని పట్టుకొని ఉన్న క్షణంలో ఆ భారంలో పెద్ద భాగం ఒక్క సన్నని కడ్డీ మీద, ఒక్క కీలు మీద పడుతుంది. చిన్న టైరుతో అయితే చక్రం జారి ప్రాణం కాపాడుకుంటుంది. పెద్ద టైరు, గట్టి పట్టు ఉంటే చక్రం జారదు, కీలు విరుగుతుంది. కాబట్టి "పెద్ద టైర్లకు గట్టి ఇరుసు కావాలి" అనే కొడుకు మాట శాస్త్రానికి సరిపోయిందే. దానికి ముందు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. పొలానికీ బడికీ రాయచూరు బజారుకూ పోయే బండికి పెద్ద టైర్లు ఎందుకు?

నిజంగా అవసరం ఉన్నవారికి ఇరుసు మార్పులో చూడవలసినవి చెబుతాం. మొదటిది, ముందు వెనుకల పళ్ళ నిష్పత్తి ఒకటే కావాలి. వెనుక 5.38 ఉండి ముందు 4.88 దొరికిందని పెడితే, రెండు ఇరుసులూ నూటికి పది పాళ్ళ తేడాతో ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటవి. బురదలో ఎలాగో జరిగిపోవచ్చు గాని గట్టి నేల మీద ఏదో ఒకటి విరుగుతుంది. అసలు నిష్పత్తులు సరిపోయినా పాత జీపును పొడి తారురోడ్డు మీద ఫోర్‌వీల్‌లో నడపరాదు. నడుమ డిఫరెన్షియల్ లేదు కాబట్టి మలుపులో ముందు వెనుకల తేడా పోవడానికి దారి ఉండదు.

రెండవది, ఇరుసు మీది గుండు నడిమధ్య ఉండదు, ఒక పక్కకు ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసునుంచి షాఫ్టు ఏ పక్కకు వస్తుందో ఆ పక్కనే గుండు ఉన్న ఇరుసు కావాలి. మూడవది వెడల్పు. పాత జీపు చక్రాల నడిమి దూరం సుమారు 48 అంగుళాలు, అందుకే అది మలుపుల్లో బోర్లాపడే స్వభావం గలది. జోంగావంటి వెడల్పాటి సైనిక బండ్ల ఇరుసులు అమ్మకానికి వచ్చినప్పుడు మనవాళ్ళ కళ్ళు అటు పోవడానికి కారణం ఇదే. వెడల్పు మంచిదే, కాని ముందూ వెనుకా రెండూ మార్చాలి, కమాను పట్టీలు కూర్చునే దిమ్మలు కొత్తగా అతకాలి. ఆ అతుకు ఎవరి చేత పెట్టించామన్న దాని మీద బండిలో కూర్చున్న అందరి ప్రాణాలూ ఉన్నవి.

నాలుగవది వాలు. సైకిలు ముందు ఫోర్కు కాస్త వాలి ఉంటుంది, అందుకే చేతులు వదిలినా సైకిలు సూటిగా పోతుంది. జీపు ముందు ఇరుసు కూడా అలాగే సుమారు 3 డిగ్రీలు వెనక్కు వాలి ఉండాలి. దాన్ని కాస్టరు అంటారు. దిమ్మలు అతికేటప్పుడు ఈ వాలు తప్పితే బండి రోడ్డు మీద తాగినవాడిలా తూలుతుంది. ఆపైన కింగుపిన్నులు కూడా వదులుగా ఉంటే ఒక గుంత తగలగానే ముందు చక్రాలు రెండూ గజగజ వణకుతవి, స్టీరింగు చేతిలో నిలవదు. ఐదవది బ్రేకు. అమెరికా జీపుల్లో 1970లలోనే ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు వచ్చినవి. మన జిప్సీకి కూడా ముందు డిస్కులే. తడిసిన డ్రమ్ము ఆరేదాకా పట్టదు, డిస్కు తొందరగా ఆరుతుంది. ముందు ఇరుసులో డబ్బు ఖర్చుపెట్టి తీరాలనుకుంటే బ్రేకు మీద పెట్టిన రూపాయికి మేము ఎక్కువ విలువ కడతాం. కాని డిస్కుకు కావలసిన నూనె ఒత్తిడి వేరు, పాత మాస్టరు సిలిండరుతో సరిపెట్టకూడదు.

ఇక చట్టం మాట. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కేరళ కేసు ఒకదానిలో ఇదే స్పష్టంగా చెప్పింది. అదే సంవత్సరం చేసిన సవరణలో, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి అయిదువేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పెట్టారు. పదిహేను ఏళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషను మళ్ళీ మళ్ళీ పొడిగించుకోవాలి గదా, ఆ పరీక్షలో పుస్తకంలో లేని ఇరుసు కనిపిస్తే ఏమి జవాబు చెబుతాం? ప్రమాదం జరిగిననాడు బీమావారు అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే. అరిగిన బేరింగుకు బదులు అదే కొలత కొత్త బేరింగు, పాత కింగుపిన్నుకు బదులు కొత్త కింగుపిన్ను వేయడం మార్పు కాదు, మరమ్మతు. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

మేము ఎరిగిన ఒక క్యాంపులో ఇటువంటి తగవే వచ్చింది. కొడుకు పెద్ద టైర్లకూ ఇరుసుకూ డబ్బు కూడబెట్టి ఉన్నాడు. తండ్రి ససేమిరా అన్నాడు. చివరికి, కొత్తది కొనే ముందు పాతది విప్పి చూద్దామని ఒప్పందం కుదిరింది. కుడివైపు హబ్బు విప్పితే వాషరు చెవి వంచనే లేదు. బయటి నట్టు వేళ్ళతోనే కదిలింది. బయటి బేరింగు బిళ్ళ నీలిరంగుకు తిరిగి, పొక్కులు లేచి ఉన్నది. ఆ బండిలోనే ఆ వారమంతా పిల్లలు బడికి పోయి వచ్చారు. ఎవరు బిగించారో, ఎప్పుడు బిగించారో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత కొడుకు కూడబెట్టిన డబ్బులోంచి నాలుగు బేరింగులు, సీళ్ళు, కింగుపిన్నుల సెట్టు, బ్రేకు లైనింగులు, కొత్త నట్లూ వాషర్లూ వచ్చినవి. మిగిలిన దానితో ఫ్రీవీల్ హబ్బులు కూడా వచ్చినవి, తండ్రే కొనమన్నాడు. టైర్లు పాత కొలతవే. బండికి రోగం లేదన్న తండ్రీ, రోగానికి మందు కొత్త ఇరుసే అనుకున్న కొడుకూ, ఇద్దరూ విప్పి చూడకుండానే మాట్లాడారు.

కాబట్టి మా సలహా ఈ వరుసలో ఉంటుంది. మొదట రెండు హబ్బులూ విప్పించి, కిరసనాయిలుతో కడిగించి, బేరింగులు వెలుతురులో చూడండి. రంగు మారినా, గీత పడినా, పొక్కు లేచినా మార్చండి. బేరింగు మారిస్తే అది కూర్చునే బయటి గిన్నె కూడా మార్చాలి, ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ పనికిరాదు. కొత్త గ్రీజును అరచేతిలో వేసుకొని బేరింగు వెడల్పు అంచును దానిలోకి ఒత్తుతూ పోతే, రోలర్ల సందులోంచి పైకి వస్తుంది. అప్పుడే నిండినట్టు. రెండు రకాల గ్రీజులు కలపవద్దు. తరువాత సీళ్ళు, కింగుపిన్నులు, స్టీరింగు కీళ్ళు. తరువాత బ్రేకులు. తరువాత గాలి గొట్టానికి పైపు. ఇవన్నీ అయి, చేతిలో డబ్బు మిగిలితే ఫ్రీవీల్ హబ్బులు, వాటి సంగతి పుస్తకంలో ఎలా ఎక్కించాలో ఆర్టీఓ ఆఫీసులో కనుక్కొని మరీ. ఇరుసు మొత్తం మార్చడం ఈ జాబితాలో ఆఖరు మాట. బూడిద దారుల్లో తిరిగే బండికి ఏడాదికి ఒకసారి, నీళ్ళలో దిగే బండికి దిగినప్పుడల్లా హబ్బులు చూడాలి.

ఈ పని చేయించేటప్పుడు ఇంటివారు ఒకరు మేస్త్రీ పక్కనే నిలబడండి. అనుమానంతో కాదు, నేర్చుకోవడానికి. వాషరు చెవి వంచేటప్పుడు చూసి, తేదీని, మీటరు అంకెను ఒక నోటు పుస్తకంలో రాయండి. క్యాంపులో ఆ కుటుంబానికి లేకపోయింది ఆ నోటు పుస్తకమే.

వచ్చే నెల స్టీరింగు పెట్టె సంగతి చెప్పుకుందాం. ఈలోగా మీ జీపు హబ్బులు విప్పినప్పుడు లోపల ఏమి కనిపించిందో మాకు రాయండి. పనికివచ్చే ఉత్తరాలను అందరూ చదివేటట్టు ఈ పేజీలోనే వేస్తాం.